పొగగొట్టం కనిపించని ఒడ్డు

ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్నచోట ఒకప్పుడు బొగ్గు మండించి కరెంటు తీసేవారు. నిజాం ప్రభుత్వం 1920లో హుసేన్ సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ పెట్టింది. ఆ కాలంలోనే కట్ట దిగువన డీబీఆర్ బట్టల మిల్లు వచ్చింది, తర్వాత కవాడిగూడలో ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ రోజుల్లో ట్యాంక్‌బండ్ దగ్గర కెమెరా పెడితే నీళ్లు, మిల్లు, పొగ అన్నీ దగ్గరదగ్గరగా దొరికేవి. ఇవాళ అదే చోట నిలబడితే బుద్ధ విగ్రహం, 2023లో తెరిచిన కొత్త సచివాలయం, అదే ఏడాది పెట్టిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కనిపిస్తాయి. 2023 ఫిబ్రవరిలో ఈ ఒడ్డునే ఫార్ములా-ఈ రేసు కూడా జరిగింది. ఎటు తిరిగినా పార్కు, రోడ్డు, లైట్లు. పరిశ్రమ ఆనవాలు ఫ్రేములోకి రాదు.

నీటి ఒడ్డున ప్రకృతి పోయి పరిశ్రమ వచ్చిన తీరును ఫొటోల్లో చూపించాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో ఎదురయ్యే మొదటి చిక్కు ఇది. విశాఖపట్నంలో ఆ పని సులువు. యారాడ కొండ ఎక్కితే ఓడరేవు, క్రేన్లు, సముద్రం ఒక్క చూపులో పడతాయి. ఏది ఎక్కడ ఆక్రమించిందో ఆ ఒక్క ఫొటోనే చెప్పేస్తుంది. హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ ఒకచోట ఉంటుంది, అది పాడుచేసిన నీళ్లు ఇంకోచోట ఉంటాయి. రెంటి మధ్య ఐదు కిలోమీటర్లు ఉండొచ్చు, పదిహేను ఉండొచ్చు. వాటిని కలిపేది నాలా, అంటే మురుగునూ వాన నీళ్లనూ మోసే కాలువ. ఇక్కడ పరిశ్రమ ఒడ్డు మీద లేదు, నీళ్లలోనే ఉంది. అందుకే ఒడ్డున నిలబడి తీసిన ఫొటో, ఎంత బాగా తీసినా, సగం సంగతే చెబుతుంది. ఒక్కోసారి తప్పు సంగతి కూడా చెబుతుంది.

అసలు ఇక్కడ పోయినదేమిటో ముందు తేల్చుకోవాలి. హుసేన్ సాగర్ సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుసేన్ షా వలీ ఆధ్వర్యంలో కట్టిన చెరువు. నగరం చుట్టూ ఉన్న మిగతా చెరువులూ అంతే. కట్ట పోసి, తూము పెట్టి, అలుగు వదిలి, పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు పారేలా గొలుసుకట్టుగా కట్టుకున్నవి. ఇంతకీ ఇక్కడ పోయింది మనిషి అడుగుపెట్టని అడవి కాదు. చెరువు కింద వరి, చెరువులో చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు, ఒడ్డున బట్టలుతికే రజకులు, ఎండాకాలం శిఖంలో (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలలో) మేసే గేదెలు, వీటన్నిటితో పాటు వచ్చే కొంగలు, బాతులు. ఆ మొత్తం ఏర్పాటు పోయింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టకముందు హుసేన్ సాగర్ నీళ్లు ఊరికి తాగునీళ్లు కూడా.

ఈ సంగతి మరిచి, మనుషుల్ని పక్కకు జరిపి, పొగమంచులో నీళ్లు మాత్రమే కనిపించేలా తీసిన ఫొటోను 'పోయిన ప్రకృతి' అని పెడితే అది నిజం కాదు. ఆ నీళ్ల పక్కన పని ఎప్పుడూ ఉంది. ఆ పని స్థానంలో వేరే పని వచ్చింది. మొదటిది నీళ్లు బాగుంటేనే సాగేది. రెండోదానికి నీళ్లు ఎలా ఉన్నా ఒకటే.

మూసీది మరింత చిక్కైన కథ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యలోంచి పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి ఊరిని కాపాడాయి. అదే సమయంలో, వానాకాలం తప్ప మిగతా రోజుల్లో నగరంలోని మూసీకి సొంత నీళ్లు లేకుండా చేశాయి. ఖాళీ అయిన ఆ పాయలోకి మురుగు వచ్చి చేరింది, దాని వెనకే ఫ్యాక్టరీల నీళ్లు చేరాయి. మూసీ రెండు సార్లు మారింది. మొదటి మార్పు ప్రాణాలు కాపాడటానికి జరిగింది, రెండోది పట్టించుకోకపోవడం వల్ల జరిగింది. 'అప్పుడు - ఇప్పుడు' అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోకపోతే, ఆనకట్టల వల్ల తగ్గిన నీళ్ల నింద కూడా పరిశ్రమల మీదే పడుతుంది. నిజమైన నేరానికి సాక్ష్యం కావాల్సినప్పుడు ఇలాంటి తప్పు లెక్క ఎదుటివాడికే పనికొస్తుంది.

'అప్పటి' ఫొటోలు ఎక్కడ దొరుకుతాయన్నది తర్వాతి ప్రశ్న. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1880ల నుంచి 1905లో చనిపోయేదాకా హైదరాబాద్‌ను విస్తారంగా ఫొటోలు తీశారు. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం మహళ్లు, విందులు, వేటలు, కొలువుకు వచ్చిన దొరలు. నీళ్లు కనిపించినా వెనకాలే ఉంటాయి. అయినా ఈ పనికి కావాల్సింది ఆ వెనకాల భాగమే. ఒడ్డు ఎంత వెడల్పుంది, ఇసుక ఎక్కడిదాకా ఉంది, చెట్లు ఎక్కడ మొదలయ్యాయి అన్నవి మూలల్లో దొరుకుతాయి. అసలు విషయం కోసం తీసిన మధ్యభాగం కన్నా, ఫొటోగ్రాఫర్ పట్టించుకోకుండా వదిలేసిన మూలలే ఎక్కువ నిజాయితీగా ఉంటాయి.

పాత ఫొటో తీసిన చోటుకే వెళ్లి మళ్లీ తీయడం ఒక పద్ధతి. వినడానికి తేలికే, చేయడానికి ఓపిక కావాలి. మొదట కదలని గుర్తు ఒకటి ఉండాలి. మూసీ మీద అందుకు పురానాపూల్ ఉంది. 1578లో కట్టిన వంతెన, దాని కమానులు ఇంకా అలాగే నిలబడ్డాయి. నయాపూల్ దగ్గర ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం ఉన్నాయి. ఆస్పత్రి ఆవరణలో, 1908 వరదలో సుమారు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పే చింతచెట్టు ఉంది. పాత ఫొటోలో ఒక్క గుర్తు దొరికినా దూరం, ఎత్తు, కోణం లెక్క కట్టొచ్చు.

ఆ తర్వాత నెల కుదరాలి. దీన్నే చాలామంది వదిలేస్తారు. సెప్టెంబరులో నిండుగా ఉన్న చెరువు పాత ఫొటోనీ, మే నెలలో ఎండిన అదే చెరువు కొత్త ఫొటోనీ పక్కపక్కన పెట్టి 'చెరువు మాయమైంది' అని రాయడం సోషల్ మీడియాలో మామూలైపోయింది. చెరువు శిఖం ఎండాకాలంలో బయటపడటం ఎప్పుడూ ఉన్నదే. ఒకే నెల, వీలైతే వాన ఒకేలా పడిన సంవత్సరాలు చూసి పోల్చాలి. నేల మీది పాత ఫొటోలు దొరకని చెరువులకు గూగుల్ ఎర్త్‌లో ఏళ్లవారీగా ఉన్న ఉపగ్రహ చిత్రాలు పనికొస్తాయి. అందులోనూ ఇదే జాగ్రత్త. ఉపగ్రహ చిత్రం విస్తీర్ణం చెబుతుంది, శిఖంలో లేచిన ఇళ్ల కప్పులు చూపిస్తుంది. నీళ్లలో ఏముందో చెప్పదు.

నీళ్లలో ఏముందో తెలుసుకోవాలంటే ఎగువకు వెళ్లాలి. హుసేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వస్తాయి. వాటిలో పెద్దది కూకట్‌పల్లి నాలా. అది వచ్చే దారిలో నగర పారిశ్రామిక చరిత్ర మొత్తం ఉంది. సనత్‌నగర్‌లో 1942లో ఆల్విన్, 1946లో ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీ వచ్చాయి. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. దాని తర్వాత జీడిమెట్ల పారిశ్రామికవాడ. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే మూల మందు) కంపెనీలు పెట్టారు. దేశంలో మందుల తయారీకి హైదరాబాద్ కేంద్రం కావడానికి ఆ ఫ్యాక్టరీయే మూలం. లక్షల కుటుంబాలు ఈ పనుల మీదే నిలబడ్డాయి. పల్లెల నుంచి వచ్చి ఇక్కడ షిఫ్టు డ్యూటీలు చేసినవాళ్ల పిల్లలు ఇవాళ నగరంలో ఎంతోమంది ఉన్నారు. ఫ్యాక్టరీని రాక్షసిలా చూపించే ఫొటోలు ఈ సంగతిని దాచేస్తాయి. తలుపు బయట సైకిళ్లు, గేటు దగ్గర టీ బండి, కార్మికుల కాలనీ, వాటి వెనక నాలా, ఇవన్నీ కలిస్తేనే జరిగిందేమిటో అర్థమవుతుంది. ఉద్యోగం ఇచ్చిన చేయీ, నీళ్లు పాడుచేసిన చేయీ ఒకటే కావడం వల్లే ఈ సమస్య ఇన్నేళ్లు నానుతూ వచ్చింది.

నాలాను ఫొటో తీయడం అందమైన పని కాదు. రెండు పక్కలా కాంక్రీటు గోడలు, మీద పైపులు, కేబుళ్లు, మధ్యలో నల్లటి నీళ్లు. చాలాచోట్ల స్లాబు వేసి మూసేశారు, మీద దుకాణాలు, పార్కింగ్ ఉంటాయి. అక్కడ నాలా ఉందని తెలిసేది మ్యాన్‌హోల్ మూతల వరుసను బట్టే. కానీ ఈ వరుస ఫొటోలు లేకపోతే జీడిమెట్లకూ ట్యాంక్‌బండ్‌కూ ఉన్న సంబంధం ఎవరికీ కనపడదు. 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో 'న్యూ టోపోగ్రాఫిక్స్' పేరుతో ఒక ప్రదర్శన జరిగింది. కొండలు, జలపాతాల బదులు గోదాములు, ఇండస్ట్రియల్ పార్కులు, వరుస ఇళ్లను ఏ హంగూ లేకుండా, నిటారుగా, చదునైన వెలుగులో తీసి పెట్టారు. అప్పుడు చాలామందికి అవి బోరుగా అనిపించాయి. తర్వాత ప్రపంచమంతా ఆ దారి పట్టింది. కూకట్‌పల్లి నాలాకు సరిపోయేది ఆ పద్ధతే. సాయంత్రపు బంగారు వెలుగు కోసం ఎదురుచూడనక్కర్లేదు. మధ్యాహ్నం మబ్బు పట్టిన వెలుగులో, ప్రతి వంతెన మీది నుంచీ ఒకే ఎత్తులో, ఒకే లెన్సుతో, ఎగువకు చూస్తూ ఒకటి, దిగువకు చూస్తూ ఒకటి తీస్తూ వెళ్తే చాలు. ఏ వంతెన దగ్గర నీటి రంగు మారిందో ఆ వరుసే పట్టిస్తుంది.

రంగు విషయంలో కెమెరా సులభంగా మోసపోతుంది, మోసం చేస్తుంది కూడా. నీటి మీద ఆకాశం ప్రతిఫలిస్తుంది కాబట్టి మురుగు కూడా నీలంగా కనిపిస్తుంది. పర్యాటక శాఖ పోస్టర్లలో హుసేన్ సాగర్ అంత నీలంగా ఉండటానికి సగం కారణం ఆకాశమే. లెన్సు ముందు పెట్టే సీపీఎల్ (పోలరైజింగ్) ఫిల్టర్ తిప్పితే ఆ ప్రతిఫలనం చాలావరకు తొలగి నీటి అసలు రంగు బయటపడుతుంది. కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే ఎర్రగా, నారింజగా ఉన్న నీళ్లను అది తనంతట తానే మామూలు రంగు వైపు లాగేస్తుంది. అందుకే రంగు సాక్ష్యం కావాల్సిన చోట రా ఫైల్ (కెమెరా రంగులు దిద్దని ఫైల్) తీసి, ఫ్రేములో ఒక మూల తెల్ల కాగితమో గ్రే కార్డో ఉంచాలి. కాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడల వైపు కుంటల్లో నీళ్లు ఎర్రబారాయని వచ్చిన ఫొటోల మీద 'ఫిల్టర్ వేశారు' అన్న వాదన రాకుండా ఆపేది ఆ చిన్న కాగితం ముక్కే.

పచ్చదనం మోసం ఇంకా పెద్దది. చెరువు మీద పచ్చగా పరుచుకున్న గుర్రపుడెక్కను దూరం నుంచి తీస్తే పచ్చిక బయలు అనుకుంటారు. అది ప్రకృతి తిరిగి వచ్చిందన్న గుర్తు కాదు. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం ఎక్కువైనచోట అది విపరీతంగా పెరుగుతుంది. కిందికి వెలుగు పోనివ్వదు, నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు చస్తాయి. మూసీ వెంట అంబర్‌పేట నుంచి దిగువకు కనిపించే పారాగడ్డి మడులు కూడా అలాంటివే. కళ్లకు హాయిగా ఉంటాయి, పారేది మురుగునీళ్లు. ఆ గడ్డి నగరంలోని పాడి గేదెలకు మేత. గడ్డి కోసి అమ్ముకునే కుటుంబాలకు అదే బతుకు. ఈ ఒక్క పచ్చటి మడిలో పరిశ్రమ, మురుగు, వ్యవసాయం, పొద్దున తాగే చాయ్‌లోని పాలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మూసీ మీద తీయదగ్గ ఫొటోల్లో ఇంతకన్నా లోతైనది లేదు. కానీ పచ్చగా ఉంది కదా అని, 'పాడైన నది' ఫొటోలు తీసేవాళ్లు దాన్ని వదిలేస్తారు. అందమైన నది ఫొటోలు తీసేవాళ్లేమో అదేమిటో చెప్పకుండా వాడుకుంటారు.

ఇక నురగ. వాన గట్టిగా పడితే కూకట్‌పల్లి వైపు ధరణినగర్‌లో పరికి చెరువు పొంగి, మార్కెట్ యార్డులో పత్తి కుప్పల్లా నురగ వీధుల్లోకి వస్తుంది. డిటర్జెంట్లు, రసాయనాలు కలిసిన నీళ్లు ఎత్తు నుంచి పడి చిలికినట్టు కావడంతో అది పుడుతుంది. టీవీలు, ఫోన్లు అన్నీ దాని మీదే ఉంటాయి, ఎందుకంటే అది చూడటానికి వింతగా, నిజం చెప్పాలంటే అందంగా ఉంటుంది. కెనడా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ 1996లో ఒంటారియోలోని సడ్బరీ దగ్గర నికెల్ గని వ్యర్థాల్లోంచి పారుతున్న ఎర్రటి నీటిపాయను తీసినప్పటి నుంచి ఈ చర్చ నడుస్తూనే ఉంది: విషాన్ని ఇంత అందంగా చూపించవచ్చా? చూపించవచ్చు. చూసేవాడిని ఆపేది అందమే, ఆగకపోతే క్యాప్షన్ చదవడు. అయితే ఒక హద్దు ఉంది. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచే లాంగ్ ఎక్స్‌పోజర్‌లో తీస్తే నురగ పొగమంచుగా మారిపోతుంది. అప్పుడది ధరణినగర్ కాదు, ఏ హిల్ స్టేషనో. అక్కడ నురగ ఒక వస్తువు. ఇంటి గడపకు అంటుకుంటుంది, బైకు చక్రం మునుగుతుంది, దాటేవాళ్ల కాళ్ల మీద పడుతుంది. వేగమైన షట్టర్‌తో, పక్కన గడపో చక్రమో ఉండేలా తీస్తేనే దాని పరిమాణం, బరువు, ఇబ్బంది తెలుస్తాయి.

వాసనను ఫొటో తీయలేం. కానీ వాసన మనుషుల చేత చేయించే పనులను తీయొచ్చు. నాలా పక్క ఇళ్లలో ఏడాది పొడవునా మూసి ఉండే కిటికీలు, వంతెన మీద వెళ్తూ ముక్కుకు అడ్డం పెట్టుకున్న చున్నీ, సిగ్నల్ దగ్గర హెల్మెట్ అద్దం దించుకునేవాళ్లు. ఇవి చిన్న విషయాలు. నురగలా వైరల్ కావు. నగరంలో లక్షల మంది రోజూ అనుభవించేది మాత్రం ఇదే.

కెమెరాకు అసలు చిక్కనిది వేరే ఉంది. పటాన్‌చెరులో సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయ్యాక కూడా లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికన్నా అది చాలా ఎక్కువ. నీళ్లలో ఇలా యాంటీబయోటిక్ కలుస్తూ ఉంటే దానికి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి. తర్వాత ఆస్పత్రిలో మందు పనిచేయదు. ప్రపంచమంతా ఔషధ కాలుష్యం గురించి మాట్లాడేటప్పుడు పటాన్‌చెరు పేరు రావడానికి ఈ అధ్యయనమే పెద్ద కారణం. అంతకు ముందే, 1990 నుంచి, ఈ ప్రాంత కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు నడిచింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు పోరాడారు.

ఆ నీళ్లను గ్లాసులో పోసి ఫొటో తీస్తే సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించదు. ఫొటో ఇక్కడ ఓడిపోయిందని కాదు, ఒంటరిగా పనిచేయలేదంతే. మామూలుగా కనిపించే వాగు ఫొటో కింద లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో, ఎవరు ఏ సంవత్సరం కొలిచారో రాస్తే, చూసేవాడికి ఆ మామూలుతనమే భయం పుట్టిస్తుంది. నురగ ఫొటో క్యాప్షన్ లేకుండా బతుకుతుంది. యాంటీబయోటిక్ కలిసిన వాగు ఫొటో బతకదు. ఫొటోల్లో బాగా కనిపించే కాలుష్యమే పెద్ద కాలుష్యం అనుకునే అలవాటును మార్చాలంటే, కనిపించని దానికి కూడా గోడ మీద అంతే పెద్ద చోటు ఇవ్వాలి.

పటాన్‌చెరు నగరం బయట కదా, ఒడ్డుకు ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధం ఒక పైపు. పటాన్‌చెరు ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లు స్థానిక వాగుల్లోకి పోకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి నగర మురుగు లైన్లలో కలిపారు. అవి అంబర్‌పేటలోని రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యమున్న ప్లాంటుకు చేరి, అక్కడి నుంచి మూసీలోకి వెళ్తాయి. అలాగే హుసేన్ సాగర్‌ను కాపాడటానికి కూకట్‌పల్లి నాలా నీళ్లను చెరువులోకి రాకుండా మళ్లించి అంబర్‌పేట వైపు పంపే ఏర్పాటు చేశారు. ఒక ఒడ్డు బాగుపడటం అంటే చాలాసార్లు దాని మురుగు ఇంకో ఒడ్డుకు చేరడమే. హుసేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు అందాన్ని ఫొటో తీసేవాళ్లు మూసీ మీది అంబర్‌పేట, దాని దిగువన నాగోలు, ఎదులాబాద్ ఫొటోలను కూడా దాని పక్కనే పెట్టకపోతే లెక్క సగంలో ఆగిపోతుంది.

పక్షుల ఫొటోగ్రాఫర్లు ఈ విషయంలో ఆలోచించాల్సింది ఉంది. పటాన్‌చెరుకు దగ్గరలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. శీతాకాలంలో అక్కడికి కెమెరాలు బారులు తీరుతాయి. పొడవాటి టెలిఫొటో లెన్సుతో పక్షిని దగ్గరికి లాగి, వెనక ఉన్న అపార్టుమెంట్లను మసక చేసి, మిగిలింది క్రాప్ చేస్తారు. ఆ ఫొటో చూస్తే పక్షి ఏ అడవిలోనో ఉందనిపిస్తుంది. అదే మండలంలోని గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలిన ఫొటోలు కూడా పత్రికల్లో వచ్చాయి. పక్షి ఫొటో అబద్ధం కాదు. కానీ అదే పక్షిని వైడ్ యాంగిల్‌లో, వెనక టవర్లు, ఒడ్డున మట్టి లారీలతో సహా తీసిన ఇంకో ఫొటో కూడా పోస్టు చేస్తే, ఆ పక్షి ఎంత ఇరుకులో బతుకుతోందో తెలుస్తుంది. చెరువును కాపాడటానికి పక్షుల జాబితా ఎంత పనికొస్తుందో ఈ రెండో ఫొటో కూడా అంత పనికొస్తుంది.

దుర్గం చెరువుది ఇంకో రకం. అక్కడి పరిశ్రమ ఐటీ, దానికి పొగ లేదు, అద్దాలున్నాయి. 2020 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి తెరిచాక నగరంలో ఎక్కువగా ఫొటో తీసిన నీటి ఒడ్డుల్లో అదొకటి. దాదాపు అన్నీ రాత్రి ఫొటోలే. రాత్రి నీళ్లకు రంగు ఉండదు, లైట్ల రంగే నీళ్ల రంగు. ఏ నది, ఏ చెరువు అయినా రాత్రి ఫొటోలో శుభ్రంగానే ఉంటుంది. అదే బ్రిడ్జిని పొద్దున తొమ్మిదికి, గుర్రపుడెక్క తీసే కార్మికులతో కలిపి తీస్తే ఆ ఒడ్డు గురించి ఎక్కువ తెలుస్తుంది. డ్రోన్ పెడితే ఇంకా బాగా తెలుస్తుంది గానీ నగరంలో చాలాచోట్ల అనుమతులు తప్పనిసరి. బేగంపేట విమానాశ్రయం పక్కనే ఉన్న హుసేన్ సాగర్ మీద అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఫొటో ఎలా తీయాలన్నదే కాదు, నింద ఎవరి మీద పడుతుందన్నది కూడా. ఒడ్డున నిలబడి తీసిన ఫొటోలో నీళ్ల పక్కన ఎవరు కనిపిస్తే వాళ్లే నీళ్లను పాడుచేసినట్టు కనిపిస్తారు. మూసీ మీద తీసిన వేల ఫొటోల్లో నల్లటి నీళ్ల పక్కన రేకుల ఇళ్లు, ప్లాస్టిక్ చెత్త, ఆడుకునే పిల్లలు ఉంటారు. జీడిమెట్ల, పటాన్‌చెరు ఆ ఫ్రేములో ఉండవు, ఉండలేవు. 2024లో మూసీ అభివృద్ధి పేరుతో మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీ గర్భం) రాసి, కుటుంబాలను తరలించడం మొదలుపెట్టినప్పుడు, ఆ ఇళ్లు ఉండటం వల్లే నది ఇలా అయిందన్న భావన జనంలో ఎంత గట్టిగా ఉందో బయటపడింది. నదీ గర్భంలో ఇల్లు ఉండటం ప్రమాదమే, వరదొస్తే మొదట మునిగేది వాళ్లే. కానీ సిప్రోఫ్లాక్సాసిన్ ఆ ఇళ్ల నుంచి రాలేదు. ఏళ్ల తరబడి ఒడ్డు మీదే నిలబడిన కెమెరాలకు ఈ పొరపాటులో వాటా ఉంది.

అందుకే బస్తీలో ఫొటో తీసేటప్పుడు మర్యాద ఎంత ముఖ్యమో, దాన్ని ఏ ఫొటో పక్కన పెడతామన్నదీ అంతే ముఖ్యం. అడిగి తీయాలి, ఎందుకో చెప్పాలి, పిల్లల ముఖాలు వాడకూడదు, తరలింపు కేసుల్లో ఉన్నవాళ్ల ఇంటి నంబర్లు కనిపించకూడదు. ఇంత చేసినా, ఆ ఇంటి ఫొటో ఒంటరిగా వెళ్తే నేరస్తుడి ఫొటో అయిపోతుంది. నాలా వరుసలో భాగంగా, పైన ఫ్యాక్టరీ గోడ, మధ్యలో పైపు, కింద ఇల్లు అన్న క్రమంలో వెళ్తే, ఆ కుటుంబం నష్టపోయినవాళ్ల వైపు నిలబడుతుంది.

ఫొటోను సాక్ష్యంగా నిలబెట్టే వివరాలు చిన్నవే: తేదీ, సమయం, జీపీఎస్, ఎడిట్ చేయని అసలు ఫైల్. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన నేల) అన్న మాటలు ప్రతి ఇంట్లో వినిపిస్తున్నాయి. ఎఫ్‌టీఎల్ రాయి ఎక్కడ ఉందో, దానికి ఎంత దూరంలో మట్టి పోశారో ఒకే ఫ్రేములో చూపించే ఫొటో, వంద సూర్యాస్తమయాల కన్నా ఆ చెరువుకు ఎక్కువ మేలు చేస్తుంది. ఫ్యాక్టరీల నీళ్ల విషయంలో రాత్రి, గట్టి వాన పడేటప్పుడు వ్యర్థాలు వదిలేస్తారన్నది చుట్టుపక్కల జనం ఎప్పటి నుంచో చేస్తున్న ఫిర్యాదు. ఆ సమయంలో నాలా గట్టుకు వెళ్లడం ప్రమాదం, ఒంటరిగా అసలే వద్దు. వాన ముందు రోజు, వాన తర్వాతి పొద్దున ఒకే వంతెన మీది నుంచి తీసిన రెండు ఫొటోలు చాలావరకు ఆ పని చేస్తాయి.

ఎగువన ఇంకా పూర్తిగా మారని చోటు ఒకటి ఉంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు రాకుండా 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. పాతికేళ్లకు పైగా దాని కిందికి వచ్చిన 84 గ్రామాల్లో పొలాలు, వాగులు చాలావరకు పొలాలు, వాగులుగానే ఉండటానికి ఆ కాగితమే కారణం. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. కూకట్‌పల్లి నాలాకు 'ముందు' ఫొటో ఎవరూ తీసి పెట్టలేదు. ఇక్కడ ఆ పని ఇంకా చేయొచ్చు. ఈసీ వాగు, మూసీ వాగు జలాశయాల్లో కలిసేదాకా ప్రతి వంతెన మీది నుంచీ, వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి తీసి ఉంచితే ఇరవై ఏళ్ల తర్వాత వాదించుకోవాల్సిన పని ఉండదు.

నగరం లోపల కూడా తొందర ఉంది. మూసీ రివర్‌ఫ్రంట్ పేరుతో వస్తున్న కంప్యూటర్ బొమ్మల్లో నీలి నీళ్లు, పడవలు, నడక దారులు ఉంటాయి. అవి ఇంకా జరగని ఫొటోలు. పనులు పూర్తయితే బాపూఘాట్ దగ్గర రెండు పాయలు కలిసే చోటు, నయాపూల్ కింది గట్లు, అంబర్‌పేట దిగువన గడ్డి మడులు, నాగోలు వైపు ప్లాంట్ల నుంచి నీళ్లు నదిలో పడే కాలువలు ఇప్పుడున్నట్టు ఉండవు. మారడమే మంచిది. అవి మారకముందు ఒక్కొక్కటీ ఎలా ఉండేదో, నీళ్లు ఎటు నుంచి వచ్చేవో, ఆ నీళ్ల మీద ఎవరు బతికేవారో తేదీలతో సహా రికార్డు కావాలి. రేపు నెక్లెస్ రోడ్డులాగే ఆ ఒడ్డు కూడా శుభ్రంగా కనిపించినప్పుడు, ఆ మురుగు శుద్ధి అయిందా లేక ఎదులాబాద్ అవతలి ఊళ్లకు జరిగిందా అని అడగడానికి అప్పుడు ఈ ఫొటోలే కావాల్సి వస్తాయి.